దస్తగిరమ్మ ఎడంచేతి కొడవలి

కొడవలికి కుడీ ఎడమా ఏంటి, లైకుల కోసం కథలు అల్లుతున్నావా అని నా వీడియో కింద మళ్లీ అదే కామెంటు! ఇలా రాసేవాళ్లలో ఒక్కరైనా కొడవలిని తిరగేసి చూశారా? చూడరు. ఫోన్ నా చేతిలోనూ ఎప్పుడూ ఉంటుంది. కానీ రెండో చేతిలో సుత్తి ఉంటుంది. కామెంట్ల కింద గొడవపడి గొడవపడి వేళ్లు నొప్పెట్టాయి కాబట్టి, ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను హైదరాబాదులో పెరిగినదాన్ని. మైదుకూరు దగ్గర ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, వెనక రేకుల షెడ్డులో కొలిమి పెట్టుకున్నాను. ఉలులు, పట్టుకార్లు, కలుపు తీసే తొలికలు, కొడవళ్లు, ఏవైనా సరే చేత్తో వాడే పనిముట్లు చేస్తాను. రెండేళ్ల కిందట, జొన్నకోతలు దగ్గర పడుతున్న రోజుల్లో, ఒకామె వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది. నలభై దాటిన మనిషి. పేరు దస్తగిరమ్మ, కోతలకు కూలికి పోతుంది.

"కమ్మరాయప్ప యాడ పాపా?"

"నేనే."

"నువ్వా? నీ చేతులు సూస్తే పిండి గూడా పిసికినట్ల లేవే!"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "పిండి పిసకడం నాకు రాదు. ఇనుము పని ఉంటే చెప్పు, లేకపోతే పో," అన్నాను. ఆమె పగలబడి నవ్వి, లోపలికొచ్చి దాగలి పక్కనే కూర్చుంది. దాగలి అంటే మేం ఇనుము పెట్టి కొట్టే దిమ్మె.

కుడిచెయ్యి చాపి చూపించింది. చూపుడువేలు మీద, దాని పక్క వేలు మీద పాత గాట్లు, ఒకదాని మీద ఒకటి.

"నాది ఎడంచేతి వాటం. కుడిచేత్తో జొన్న పట్టుకోని ఎడంచేత్తో కోస్తా. కోసినప్పుడల్లా కొడవలి పైకెగదన్ని ఈ వేళ్లనే కొరుకుతాది. పోయినేడు పక్కనున్న పిల్ల మణికట్టు గూడా గీసుకపాయె. మా మేస్త్రమ్మ ఓబుళమ్మ ఏమనింది తెల్సా? 'కుడిచేత్తో కోసేటట్లయితే రా, లేకుంటే గుంపులోకి రావద్దు' అనింది."

"ఇంకో గుంపులోకి పో."

"మా ఊర్లో ఉండేదే ఒక గుంపు. ఓబుళమ్మ ఒద్దంటే నన్ను చేన్లోకి పిలిచే రైతే ఉండడు."

"కుడిచేత్తో నేర్చుకోలేదా మరి?"

"నేర్చుకున్యాలే! నేను ఒక సాలు కోసేలోపల వాళ్లు గట్టు మీద కూచోని వక్కాకు నముల్తాంటారు."

షెడ్డు వెనక గడ్డి కోయమని, ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి తీశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కోత కొడవలికి పళ్లు ఒక ముఖం మీదే ఉంటాయి, రెండో ముఖం నున్నగా ఉంటుంది. కుడిచేత్తో పట్టుకుంటే నున్నటి ముఖం నేలవైపు ఉండి, అలుగు, అంటే కోసే రేకు, నేలకు సమంగా జారుతుంది. అదే కొడవలిని ఎడంచేతికి మార్చి లాగితే పళ్ల వాలు కిందికి పోతుంది, అలుగు పైకి ఎక్కుతుంది. ఆ పైనే కాడలు పట్టుకున్న పిడికిలి ఉంటుంది. తప్పు ఆమె చేతిది కాదు, చేసినవాళ్లెవరికీ ఆమె చెయ్యి గుర్తుకు రాలేదు, అంతే.

అద్దంలో బొమ్మలా అన్నీ తిరగేయాలి. లారీ లీఫ్ స్ప్రింగ్ ముక్క, అంటే కమాన్ పట్టీ, తీసుకున్నాను. దానితో ముందు చేసింది కొడవలి కాదు, చిన్న ఉలి. నా దగ్గరున్న ఉలులన్నీ మొద్దువి, అంత సన్నటి పళ్లు తియ్యలేవు. మా పనిలో పనిముట్టు చేసే పనిముట్టును కూడా మనమే చేసుకోవాలి, అదే ఇందులో అసలు మజా. ఉలిని కాల్చి నూనెలో ముంచాను. దీన్ని క్వెంచింగ్ అంటారు, ఇనుము గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసవుతుంది. తర్వాత టెంపరింగ్, అంటే ఎండిన జొన్నచొప్ప రంగు వచ్చేదాకా సన్నటి సెగ చూపించి ఆ పెళుసుదనం తగ్గించడం.

కొడవలి చేస్తున్నంతసేపూ దస్తగిరమ్మ కొలిమికి గాలి ఊదే బ్లోయర్ చక్రం తిప్పుతూనే నా మీద పెత్తనం చేసింది.

"పండ్లు ఇంగా సన్నంగుండల్ల పాపా. అది కొడవలా, రంపమా?"

"నువ్వు తిప్పు, నేను కొడతా."

"పిడి లావయింది."

"ఇంకా చెక్కనే లేదు!"

"చెక్కేటప్పుడు మర్సిపోతావని ఇప్పుడే చెప్తాండా."

తుమ్మ పిడి మూడోసారి చెక్కాక గానీ ఆమె ఒప్పుకోలేదు. నాకు మండిపోయింది. కానీ ఎవరో ఇచ్చినదానితో ఇక సర్దుకుపోయే మనిషి కాదని తెలిసి అప్పుడే ఆమె మీద గౌరవం పెరిగింది. ఇన్నేళ్లూ సర్దుకున్న వేళ్లు అవి.

కోతల మొదటి రోజు నేనూ చేనికి పోయాను. గుంపు మొత్తం గట్టు మీద నిలబడి చూస్తుండగా దస్తగిరమ్మ ఒక్కతే దిగి కోసింది. కొడవలి ఒక్కసారి కూడా పైకి ఎగరలేదు. ఈ కొసనుంచి ఆ కొసదాకా నీళ్లలో పడవలా పోయింది.

ఓబుళమ్మ ఆ కొడవలి తీసుకుని, పళ్ల మీద గోరు పెట్టి చూసింది. "కొడవలి బాగుండాది. ఐతే ఏం? ఆయమ్మ చెయ్యి మారలేదు గదా. వరస నడాన నిలబెడితే మళ్లా పక్కదాన్ని కోస్తాది."

"కళ్లారా చూశావు కదా, ఇంకా ఏం కావాలి నీకు?" అని నేను అరిచాను.

"ఏయ్ పాపా, గమ్మునుండు. నా గుంపులో ఒకరి చెయ్యి తెగితే ఆ ఇంటికాడికి పోయి నిలబడేది నేను. నువ్వు గాదు."

నోరు మూసుకోలేక, ఫోన్ ఆమె మొహం ముందు పెట్టి అప్పుడే తీసిన వీడియో వేశాను. అలుగు ఎంత సమంగా పోతోందో చూడమన్నాను. ఓబుళమ్మ అలుగు చూడలేదు. "మళ్లా వెయ్యి," అంది. మళ్లీ వేశాను.

"ఏమే దస్తగిరీ, కోసిన చొప్ప కుడిపక్కకి ఏస్తాండావే నువ్వు?"

"ఎడంచేత్తో కోస్తే కుడిపక్కకే గదక్కా పడేది!"

మిగతా అందరూ కుడిచేత్తో కోసి ఎడమపక్కకి వేస్తారు. అందుకే దస్తగిరమ్మ వరస మధ్యలో నిలబడితే ఆమె కొడవలీ, ఎడమపక్క మనిషి కొడవలీ ఒకే సందులో తిరుగుతాయి. అంతకుముందేడు ఆ పిల్ల మణికట్టు తెగింది అక్కడే. అదే ఆమె ఎడమ కొసన నిలబడితే ఆమెకు అటువైపు ఎవరూ ఉండరు. కుడిపక్క మనిషితో మధ్య ఉన్న సందులో కొడవళ్లు తిరగవు, ఇద్దరి చొప్పా అక్కడే ఒకే కుప్పగా పడుతుంది.

కానీ ఎడమ కొస మేస్త్రమ్మ చోటు. వరసను నడిపేది అక్కడినుంచే. ఓబుళమ్మ ఎన్నో కోతలుగా అక్కడే నిలబడుతోంది, ఆమెకు ముందు వాళ్లమ్మ నిలబడింది. దస్తగిరమ్మ తల కూడా ఎత్తలేదు.

ఓబుళమ్మ కొంగు బిగించి చేనులోకి దిగింది. ఎడమ కొస దాటి, దాని పక్క సాలులో నిలబడింది.

"రాయే, ఈడ నిలబడు," అంది, తన చోటు చూపిస్తూ.

"అక్కా, అది నీ చోటు..."

"చోటు నీది. నడిపేది నేను. నాకన్నా ముందర పోతే సూడు మళ్ల!"

అందరూ నవ్వుతూ దిగారు. పొద్దు వాలేసరికి ఆ ఇద్దరి మధ్య కుప్పలు జోడుజోడుగా పడి, కట్టలు కట్టేవాళ్లకు సగం నడక తప్పింది. దస్తగిరమ్మ వేళ్లకు కొత్త గాటు లేదు. ఆ కోతే కాదు, నిరుడు కోతలోనూ ఆమె అక్కడే నిలబడింది.

పనిముట్టును చేతికి సరిపెట్టడమే నా పని అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా వస్తే, నువ్వు పనిచేసేటప్పుడు నీ పక్కన ఎవరుంటారు అని కూడా అడుగుతున్నాను. కానీ పక్కవాళ్లను జరిపే విద్య నా కొలిమిలో లేదు. అది ఓబుళమ్మ దగ్గరుంది. తల్లి దగ్గర్నుంచి వచ్చిన చోటును, పదిమంది చూస్తుండగా, తన కింద పనిచేసే మనిషి కోసం వదిలి పక్కకు జరిగిన మేస్త్రిని మీరు పనిచేసే చోట ఒక్కరిని చూపించగలరా?