బస్సులో పైలట్ కోటు

యుద్ధ విమానం నడిపిన పైలట్ కోటు తొడుక్కుని ధర్మవరం వెళ్లాను. సరే, ఏ పైలటూ దాన్ని తొడగలేదు. పాతకాలపు తరహాలో కుట్టిన కొత్త తోలు కోటు, బెంగళూరులో కొన్నాను. బిగుతుగా ఉందంటే, తొడిగేకొద్దీ సాగుతుందన్నాడు కొట్టువాడు.

హిందూపురంలో నేనూ మా ఆవిడా ఎక్కేసరికి బస్సులో నిలబడటానికే చోటుంది. పై కమ్మీ పట్టుకుందామంటే చెయ్యి భుజం దాటి లేవదు. బలవంతంగా లేపితే కోటంతా గొంతు దాకా వస్తుంది. లోపల చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. ఇది కుట్టినవాడు జన్మలో బస్సెక్కి ఉండడు!

సోమందేపల్లి దాటాక, సీట్లో ఉన్న ఒక అవ్వ అడక్కుండానే నా సంచి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. నిలబడ్డవాళ్ల సామాను కూర్చున్నవాళ్లు మోయడం అక్కడ మామూలట. మా వైపు ఎవరి సంచి వాళ్లదే.

"ఏమప్పా, ఆ కోటు గూడా ఇట్లియ్యి. ఉడికిపోతాండావు."

"పైలట్లు వేసుకునేదవ్వా ఇది. తియ్యకూడదు."

"అట్లయితే ఈ బస్సులో ఏం పనప్పా నీకు? మింద ఎగురుకుంటా పోకూడదా?"

బస్సంతా నవ్వింది. పెనుకొండలో బ్రేకు పడగానే, పట్టు లేని నేను వెళ్లి అవ్వ ఒళ్లోని సంచి మీద పడ్డాను.

అవ్వ ముచ్చటపడిందని కోటు నేనే విప్పి ఇచ్చానని అందరికీ చెబుతుంటాను. మా ఆవిడ ఊరుకోదు.

"ఈయన విప్పిందెక్కడ? అవ్వ ఒక చెయ్యి, కండక్టర్ ఒక చెయ్యి పట్టి లాగితే ఊడింది."