బాపు పోయిండు

ఇది రాసిపెట్టడానికి కారణం ఒక్కటే. 1988లో మందమర్రిలో ఒక మనిషి చనిపోలేదు. ఆ సంగతి ఎక్కడా నమోదు కాలేదు. కంప్యూటర్‌లో ఒక రికార్డు మీద ఇంకోటి రాస్తే, కింద ఏముండేదో యంత్రం గుర్తుంచుకోదు. కాబట్టి గుర్తున్నవాడిని నేను రాస్తున్నాను.

ఆ ఏడాది వేసవిలో నన్ను గని ఆఫీసు కంప్యూటర్ విభాగానికి సీనియర్ అసిస్టెంటుగా వేశారు. నాకు కంప్యూటర్ చదువు లేదు. కరీంనగర్ గ్రంథాలయంలో సమ్మయ్య గారు అట్ట ఊడిన ఇంగ్లిషు పుస్తకం ఒకటి వెతికి ఇస్తే, నిఘంటువు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఆఫీసులో ఆ విషయం మీద పుస్తకం చదివింది నేనొక్కణ్ణే. ఈ మాట ఇంతకుముందు కూడా చాలామందికి చెప్పాను.

మా పని కార్మికుల కుటుంబాలను ఎక్కించడం. మామూలు రిజిస్టరులో ఒక వరుసలో ఒక కుటుంబం ఉంటుంది. ఇక్కడ అలా కాదు. ప్రతి మనిషీ ఒక విడి రికార్డు. కొడుకు నుంచి తండ్రికి, తండ్రి నుంచి భార్యకు లంకెలు ఉంటాయి. లంకె పట్టుకుని పోతే ఎవరికెవరు ఏమవుతారో తెలుస్తుంది. ఆసుపత్రి వాళ్లు ఆ లంకెలు చూసే వైద్యం చేస్తారు. ప్రతి రికార్డుకూ గుర్తు ఒకటి ఉండాలి, దాన్ని కీ అంటారు. కార్మికుడికి టోకెన్ నంబరు కీ. టోకెన్ లేని తల్లిదండ్రులకు, పిల్లలకు పేరే కీ. ఆ పేరు కొత్తదైతే యంత్రం కొత్త రికార్డు చేర్చుకుంటుంది. ముందే ఉంటే, ఏమీ అడగకుండా పాతదాని మీద రాసేస్తుంది. ఇది సౌకర్యమని హెడ్డాఫీసు వారి అభిప్రాయం.

ఒక మధ్యాహ్నం ఓదెలు అనే కార్మికుడు, వెనకాల ఒక ముసలాయన మా కౌంటరు దగ్గరికి వచ్చారు. ఓదెలు తల్లి పోచవ్వకు కడుపులో గడ్డ. మర్నాడు పొద్దున హైదరాబాదు పోయే ఆసుపత్రి వ్యానులో ఆమెను పంపాలి. పంపే ఉత్తరం మీద డాక్టరు సంతకం పెట్టలేదు. కంప్యూటర్‌లో ఓదెలు తండ్రి చనిపోయినట్టుంది, తల్లి పేరు లచ్చవ్వ అని ఉంది. ముసలాయన కౌంటరు మీద మోచేతులు ఆనించాడు.

“నేను సచ్చిపోయిన్నట గద సారు? ఎన్నడు సచ్చిన్నో జర చెప్పుండ్రి. ఇంట్ల ఇంక ఎవలకు ఎరుకలే.”

“పరాష్కాలు గాదు బాపు,” అన్నాడు ఓదెలు. “ఆడ అవ్వ మంచంల పడ్డది.”

మా ఆపరేటర్ సుబ్బారావు టెర్మినల్ మీంచి తలెత్తాడు. ఆయనది గుంటూరు వైపు, వచ్చి రెండు నెలలు కాలేదు. “కన్నతండ్రిని పేరు పెట్టి పిలుస్తాడేంటండీ?” అని నన్ను మెల్లగా అడిగాడు.

ముసలాయన పేరు నిజంగానే బాపు. ఆ పేరు చెన్నూరు వైపు ఉంది. అయితే మా దగ్గర తండ్రిని పిలిచే మాట కూడా అదే. కౌంటరు దగ్గరికి తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చినవాళ్లను “ఈయనెవరండీ?” అని ఎలా అడిగావని సుబ్బారావును అడిగాను. అలాగే అడిగాడట. ఎంతమంది బాపు అన్నారని అడిగాను.

“చాలామందే అన్నారండి. ఈ జిల్లాలో అదే ఎక్కువ పేరనుకున్నాను.”

తెర మీద చూస్తే ఒక్క బాపుకు రెండు కాలనీల నిండా కొడుకులున్నారు. ప్రతి కొత్త బాపూ పాత బాపు మీద పడ్డాడు. కొడుకుల లంకెలు మాత్రం చెరగలేదు. ఆఖరున పడ్డది రాజమల్లు అనే కార్మికుడి తండ్రి, ఈ వారమే ఎక్కినవాడు. చనిపోయింది ఆయన.

మా ఆఫీసర్ మూర్తి గారు విని, ఓదెలు తండ్రి వివరాలు మళ్లీ దాని మీదే కొట్టేయమన్నారు. అలా చేస్తే రాజమల్లు తల్లి లచ్చవ్వ పోచవ్వగా మారుతుంది. లచ్చవ్వ కూడా అదే ఆసుపత్రిలో రోజూ సూదులు వేయించుకుంటోంది. ఆ సంగతి చెప్పి, కొత్త రికార్డు చేర్చాలన్నాను. ముందు చనిపోయినాయన సంగతి తేల్చమన్నారు. షిఫ్టు దిగిన రాజమల్లును పిలిపించాం. సుబ్బారావు లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు.

“మీ నాన్నగారు ఎప్పుడు పోయారండీ?”

“మొన్న ఐతారం పోయిండు.”

“ఎలా?”

“బస్సుల.”

“అయ్యో. బస్సు ప్రమాదమా?”

“ప్రమాదమేంది సార్? టికెట్ కొనుక్కొని పోయిండు. హుజూరాబాద్‌ల మా అక్కోళ్లింటికి. ఇంక రాలే.”

సుబ్బారావు వైపు పోవడం అంటే చనిపోవడం, ఊరెళ్తే వెళ్లడం. మా వైపు మనుషులు మామూలుగా పోతుంటారు, వస్తుంటారు. తల్లితో వచ్చిన రోజు తండ్రేడని అడిగితే రాజమల్లు “బాపు పోయిండు” అన్నాడట. ఆ తండ్రి అసలు పేరు లింగయ్య. సుబ్బారావు కూర్చున్నాడు.

లింగయ్యను కొత్త పేరుతో బతికించి చేర్చాం, లచ్చవ్వ లంకె ఆయనకు తగిలించాం. మిగతా కొడుకులందరి తండ్రుల పేర్లు మళ్లీ అడగాలి. అప్పటిదాకా ఓదెలు తండ్రి మీద ఇంకే బాపూ పడకుండా ఉండాలంటే కీ మారాలి. ఏ రెండు రికార్డులకూ ఎన్నడూ ఒకేలా ఉండనిదే కీగా ఉండాలని ఆ అట్టలేని పుస్తకంలో ఉంది. తండ్రి పేరు పక్కన కొడుకు టోకెన్ నంబరు కలిపితే సరిపోతుందని మూర్తి గారికి చెప్పాను. ఆయన హెడ్డాఫీసుకు ట్రంక్ కాల్ చేసి అనుమతి తీసుకున్నారు. ముసలాయనకు ఇది నచ్చలేదు.

“ఇన్నేండ్లు వాడు నా పేరు చెప్పుకొని బతికిండు. ఇప్పుడు నేను వాని నెంబరు చెప్పుకొని బతకాల్నా?”

“ముందైతే బతుకు బాపు,” అన్నాడు ఓదెలు.

సుబ్బారావు కొత్త రికార్డు కొట్టాడు. బాపు, వెనక నంబరు, సజీవులు, భార్య పోచవ్వ. ఆఫీసు మూసేలోపు డాక్టరు సంతకం పెట్టాడు. పొద్దున వ్యాను పోయింది. గడ్డ తీసేశారు, పోచవ్వ నడిచి తిరిగి వచ్చింది.

ఉన్నదాని మీద రాసే ముందు అది ఎవరిదో అడగాలి. కొత్తది చేర్చడంలో పని కొంచెం ఎక్కువ, నష్టం తక్కువ. నేను నేర్చుకున్నది ఇంతే.

పుస్తకం ఇచ్చిన గ్రంథాలయం సమ్మయ్య గారికి, నా మాట విన్న మూర్తి గారికి, నిజం చెప్పిన రాజమల్లుకు, ఆ తర్వాత ప్రతివారినీ రెండుసార్లు అడగడం అలవాటు చేసుకున్న సుబ్బారావుకు, ఓదెలుకు కృతజ్ఞతలు. బాపు గారికి కూడా. ఆ మరుసటి ఏడాది ఓదెలుకు కొడుకు పుడితే తాత పేరే పెట్టారు. చేర్చడానికి వచ్చినప్పుడు, పేరూ వెనక నంబరూ రెండూ తాతవే అవుతున్నాయని సుబ్బారావు నన్ను పిలిచాడు. చివర ఇంకో అంకె కలిపి కొత్త రికార్డుగానే ఎక్కించాం.