పేరు పెట్టబోయిన చేప

ఇరవై ఏళ్లుగా ఆమె చేసే పని చేపల చుట్టరికాలు తేల్చడం. రెక్క అంచున గోరంత ముక్క కత్తిరించి, స్పిరిట్ సీసాలో వేసి దాచి, తర్వాత దాన్ని కరిగించి, వడగట్టి, అందులోంచి డీఎన్ఏ బయటికి తీయాలి. ఆపైన ఏ చేపకు ఏది అక్కచెల్లెలు, ఏది దాయాది, ఏది బొత్తిగా పరాయిది అన్నది చెప్పాలి. వినడానికి బాగానే ఉంటుంది. పొద్దస్తమానం చుక్కలు కొలిచే పిపెట్ మీట నొక్కి నొక్కి బొటనవేలు వాచిపోయి, జాకెట్టు హుక్కు పెట్టుకోవడమే గగనమైనప్పుడు మాత్రం, ఈ చుట్టరికాలు ఎవడిక్కావాలి అనిపిస్తుంది. ల్యాబులో అందరూ ఆమెను చేపలక్క అంటారు. ఇంట్లో ఆ మాత్రం పిలుపు కూడా లేదు.

ఇంట్లో ఉన్నది అత్తగారు. భర్త రెండు షిఫ్టుల మనిషి, ఉన్నా లేనట్టే. కోడలు గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కు మూసుకుని, "ముందు స్నానం, తర్వాతే మాటలు" అనడం ఆవిడకు పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది. నిజానికి వచ్చేది స్పిరిట్ వాసన, చేప వాసన కాదు. ఆ సంగతి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి చేపలక్క మానేసింది.

అలాంటి అత్తగారు ఈమధ్య మారిపోయారు. కొండవాగు మడుగులోంచి పట్టి తెచ్చిన వేలెడంత చేప ఒకటి, చూడ్డానికి అక్కడి మిగతా చేపల్లాగే ఉన్నా, పరీక్షలో వాటికి ఏమీ కానిదని తేలింది. కొత్త జాతి అన్నారు ల్యాబు పెద్దసారు. వచ్చే నెల రిటైరయ్యే మనిషి. చేపలక్క గొడ్డు చాకిరీకి ఇంకేమీ ఇవ్వలేనని తెలుసు కాబట్టి, దానికి ఆమె పేరే పెడతానన్నారు. ఆ మాట చెవిన పడ్డదే తడవు అత్తగారు వీధంతా టాంటాం వేశారు. సాయంత్రం మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలోకి ఎదురొచ్చి, "అలిసిపోయావా?" అని అడిగారు. చేపలక్కకు ఏడుపొచ్చింది. ఇంత చిన్న మాట కోసమా ఇన్నేళ్లు మొహం వాచిపోయాను అని తన మీద తనకే జాలేసింది.

కానీ పని తెలిసిన బుర్ర ఊరుకోదు కదా. ఆ చేపను వేరు చేసింది డీఎన్ఏలోని ఒకే ఒక్క గుర్తు. అది తల్లి నుంచి మాత్రమే బిడ్డలకొస్తుంది, తండ్రి ఊసు దానికి తెలియదు. తీయడం సులువు, చవక. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు దాని మాటే వేదవాక్కనుకుని బోల్తా పడుతుంటారు. ఎప్పుడో ఏ వరదకో పరాయి ఆడచేప ఒకటి మడుగులోకి కొట్టుకొచ్చి, అక్కడి మగచేపతో కలిసి ఉంటే, తల్లి నుంచి కూతురికి ఆ గుర్తు తరాల తరబడి వస్తూనే ఉంటుంది, మిగతా ఒళ్లంతా మడుగుదే అయినా సరే.

ఎవరూ అడగకుండానే, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే గుర్తులు తీసి చూసింది. తెర మీది వంశవృక్షంలో ఆ చేప వెళ్లి మడుగు చేపల నడుమ సుబ్బరంగా కూర్చుంది. మళ్లీ చేసినా అక్కడే. నోరు మూసుకుంటే సరిపోయేది. ఆ మంచినీళ్ల గ్లాసు కళ్ల ముందు ఆడింది. కానీ ఒక అబద్ధాన్ని రేపు అందరూ తన పేరుతో పిలుస్తారన్న ఆలోచనకే ఒళ్లు బరువెక్కింది. లేచి సారు గదికి వెళ్లింది.

సారు అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నిన్నెవరమ్మా మళ్లీ చూడమంది?"

"ఎవరూ అనలేదు సార్."

"ఒక్క నెల ఆగితే నేను హాయిగా ఇంట్లో కూర్చునేవాణ్ణి," అని నవ్వబోయి దగ్గారు. "సరే, ఉన్నదున్నట్టే రాసెయ్. ఇంకేం చేస్తాం."

ఇంటికి ఉసూరుమంటూ చేరింది. అత్తగారు గ్లాసుతో ఎదురొచ్చారు. తాగాక చెప్పే ధైర్యం ఉండదని, నిలబడే చెప్పేసింది.

"అత్తయ్యా, పేరు పెట్టడం లేదు. అది కొత్త చేప కాదు."

"ఎవరు కాదన్నది?"

"నేనే."

అత్తగారు గ్లాసు కిటికీలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయారు. భోజనాల దగ్గర కంచం ముందుకు తోసి అటు తిరిగి కూర్చున్నారు. అయిపోయింది, మళ్లీ ముక్కు మూసుకోవడమే అనుకుంది చేపలక్క. దిగులుకు కూడా ఓపిక కావాలి. అది లేక నిద్రపోయింది.

పొద్దున్నే బస్సుకని బయల్దేరి చెప్పులు వేసుకుంటుంటే, వీధి వాకిట్లో పక్కింటి టైలరమ్మ గొంతు వినిపించింది.

"ఏమండీ, చేపకి పేరెప్పుడు పెడుతున్నారు?"

చేపలక్క వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"పెట్టట్లేదు," అన్నారు అత్తగారు.

"అయ్యో! ఎవరు అడ్డం పడ్డారు?"

"మా కోడలే." ఆ గొంతు వీధి చివరిదాకా వెళ్లింది. "పెద్దాయన పెడతానని ముందుకొస్తే, ఆ చేప కొత్తది కాదని తనే తేల్చి వద్దనేసింది. నీ ఎరికలో ఉన్నారా అలాంటోళ్లు, చెప్పు?"

చేపలక్క ఒంటికాలి చెప్పుతో మెట్టు మీద కూలబడింది. బస్సు పోతే పోనీ, ఇంకాసేపు వినాలనిపించింది.