కిరసనాయిలు పోసింది నేనే

మా వదిన పోయిందన్న కబురు గత వారం మేనల్లుడు ఫోనులో చెప్పాడు. "అత్తా, అమ్మ వెళ్ళిపోయింది. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుంది. అంతే."

నాకు మొదట కలిగింది దుఃఖమని రాస్తే మర్యాదగా ఉంటుంది. కాని నిజం కాదు. మొదట కలిగింది అసూయ. నేను మోకాళ్ళ నొప్పులతో, మందు సీసాలతో, గంటకొకసారి ఎవరినో పిలుస్తూ రోజులు వెళ్ళదీస్తుంటే, ఆమె ఒక్కరినీ పిలవకుండా, ఎంగిలి గ్లాసు కూడా మిగల్చకుండా వెళ్ళిపోయింది. ఏ పని చేసినా ఇంతే. ఎక్కడా అతుకు కనిపించనిచ్చేది కాదు.

ఆమె మా అన్నయ్య భార్య, నాకంటే రెండేళ్ళు పెద్ద. మైలవరంలో నూనె ఇంజన్లు బాగుచేసే మేస్త్రి కూతురు. చదువు మూడో తరగతితో ఆగిపోయింది. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే మా ఇంటికి ఆమె కాపురానికి వచ్చిన ఏడాదే నేను బందరులో బి.ఏ. పూర్తిచేసి ఇల్లు చేరాను. మా బంధువర్గంలో డిగ్రీ పుచ్చుకున్న మొదటి ఆడపిల్లను నేనే. ఇంట్లో నా స్థానం ఏమిటో నాకు బాగా తెలుసుననుకున్నాను.

అయితే బెజవాడకు సరుకు పంపే ముందు నాన్నగారు బుట్టలోంచి ఒక రసం మామిడి తీసి మా వదిన చేతిలో పెట్టేవారు. "చూడమ్మా." ఆమె పండును నొక్కేది కాదు. అరచేతిలో ఊరికే కాసేపు ఉంచుకునేది. "రేపటికి కాదండీ మావయ్యగారూ, ఎల్లుండికి" అనేది. బండి ఆగిపోయేది. నాన్నగారు నా డిగ్రీకి పటం కట్టించి గోడకు తగిలించారు. సరుకు మాత్రం ఆమె మాట మీద కదిలింది. ఆ పటం కిందే కూర్చుని నేను రోజూ అన్నం తినేదాన్ని.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం జూన్‌లో విస్సన్నపేట బడిలో నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. బస్సు వేళ బడి వేళకు కుదరదు. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన మోటారు సైకిలు ఒకటి నాన్నగారు తోటల మీద తిరగడానికి కొని ఉన్నారు. పట్టుబట్టి దాన్ని నడపడం నేర్చుకున్నాను. ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి చూసింది. నాన్నగారు చివరికి ఒక షరతు పెట్టారు. "దారిలో ఆగిపోతే ఎవరి సాయమో అడుగుతూ రోడ్డు మీద నిలబడే పిల్లను నేను పంపను. బండి నీకు లొంగితే వెళ్ళు. లేదా ఇంట్లో ఉండు." ఆ మాట చెప్పి, అన్నయ్యను వెంటబెట్టుకుని బెజవాడ వెళ్ళారు. ఆదివారం సాయంత్రానికి తిరిగి వస్తారు. సోమవారం నేను ఉద్యోగంలో చేరాలి.

శుక్రవారం ముసునూరు దాకా వెళ్ళివచ్చి, బండిని పరీక్షించుకుందామని, ఇంజన్ ఇంకా కాలుతుండగానే స్పార్కు ప్లగ్గు విప్పి శుభ్రం చేశాను. తిరిగి పెట్టేటప్పుడు అది వంకరగా ఎక్కింది. బిగుసుకుంది. వెనక్కి తీయాలని నాకు తోచలేదు. ఒకసారి మొదలుపెట్టిన దాన్ని వెనక్కి తీయడం నా స్వభావంలో లేదు. పానాకు ఇనుప గొట్టం తొడిగి బలంకొద్దీ తిప్పాను. ఒక్కసారిగా చేతికింద అంతా వదులైపోయింది. ప్లగ్గు బయటికి తీస్తే దానితోపాటు వెండి తీగల్లాంటి అల్యూమినియం పొట్టు వచ్చింది. ప్లగ్గును పట్టి ఉంచే మరలన్నీ ఊడిపోయాయి.

ఎవరికీ చెప్పలేదు. శనివారం ఉదయం ప్లగ్గుకు జనపనార చుట్టి, లక్క కరిగించి పోసి, రంధ్రంలో కూరి బండిని తన్నాను. రెండుసార్లు దగ్గి, మూడోసారి అంటుకుంది. మరుక్షణం ప్లగ్గు తుపాకి గుండులా ఎగిరి, వసారాలో పేర్చిన చిన్నరసాల బుట్టలో దిగబడింది.

మా వదిన వంటింట్లోంచి వచ్చింది. బుట్టలో చేయి పెట్టి, రసం కారుతున్న ప్లగ్గును పైకి తీసి, కొంగుతో తుడిచింది.

"ఏంటి బి.ఏ. గారూ, కాయలు కోసే కొత్త పద్ధతా?"

ఆమె చిటికెన వేలు ఇంజన్ రంధ్రంలో పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పింది. నవ్వు ఆగిపోయింది.

"గొట్టం వేసి తిప్పావా?"

"ఊఁ."

"ఇనుముతో పంతం పనికిరాదమ్మాయ్. అది మనకంటే మొండిది."

ఆ మధ్యాహ్నమే ఆమె పాత ప్లగ్గును చీటీతో సహా మైలవరం బస్సు డ్రైవరుకు ఇచ్చి తండ్రికి పంపించింది. ఆదివారం పొద్దున్న మొదటి బస్సులో ఇత్తడి బుష్షు వచ్చింది. లోపలా బయటా మరలు కోసిన చిన్న ఉంగరం అది. దానితో ఒక కొత్త ప్లగ్గు కూడా పంపారు. అప్పుడు మా వదిన తన సారె పెట్టె తెరిచింది. పట్టుచీరల అడుగున, ఆముదం పూసిన గుడ్డలో, మరలు కోసే ట్యాపులు, రంధ్రం పెద్దది చేసే రీమరు ఉన్నాయి. ఏ ఆడపిల్లయినా సారెలో ఇవి తెచ్చుకుంటుందా?

ఇద్దరం ఇంజన్ పైమూత విప్పి వసారాలో బల్ల మీద పెట్టాం. రీమరుతో ఆమె రంధ్రం పెద్దది చేసింది. ఇక పెద్ద ట్యాపు దించాలి. అది నిటారుగా దిగాలి.

"ట్యాపు వంగితే బుష్షు వంగుద్ది, బుష్షు వంగితే ప్లగ్గు వంగుద్ది. ఆపైన నీ ఉద్యోగం" అని, "కాలేజీలో చదివావుగా, లంబకోణం ఎలా వస్తుందో చెప్పు" అంది.

నేను నిర్వచనం చెప్పాను. సిద్ధాంతం కూడా చెప్పాను. ఆమె ఓపికగా విని, గోడమీది క్యాలెండరులోంచి గడిచిపోయిన నెల కాగితం చింపి, ఒక మడత పెట్టి, ఆ మడత మీద ఇంకో మడత పెట్టింది. ఆ మూలను ట్యాపు పక్కన ఆనించి చూసింది. చుట్టు తిరిగి రెండో పక్కన ఆనించి చూసింది.

కాగితాన్ని రెండుసార్లు మడిస్తే లంబకోణం వస్తుందన్న సంగతి నాకు తెలియనిది కాదు. దాన్ని రుజువు చేయడం కూడా తెలుసు. చేతిలో కాగితం ఉన్నప్పుడు తోచలేదు, అంతే. యాభై ఏళ్ళకు పైగా నన్ను కాల్చింది ఈ "అంతే".

నేనూ తిప్పుతానన్నాను. వెంటనే పిడి నా చేతికిచ్చింది. "సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. పొట్టు తెగి పడాలి." నేను మూడు చుట్లు ఏకబిగిన ముందుకే తిప్పాను. ట్యాపు కదలకుండా పట్టేసింది.

"ముందుగా రాసేసి బయటికి రావడానికి ఇది పరీక్ష కాదమ్మాయ్" అంటూ పిడి తీసుకుని, కిరసనాయిలు గిన్నె నా చేతికిచ్చింది. "పట్టెయ్యకుండా ట్యాపు మీద నువ్వు పొయ్యి."

నేను పోశాను. చెంచాతో, కొంచెం కొంచెంగా, ఆమె ఆపమన్నప్పుడు ఆపుతూ, మధ్యాహ్నం దాకా పోశాను. ఆమె బుష్షు బిగించి, అది కదలకుండా అంచున నాలుగు చోట్ల మొనదేలిన పంచ్‌తో గుంటలు పడేలా కొట్టింది. రాగి రేకును నిప్పుల మీద ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి మెత్తబరిచి, సందు లేకుండా పైమూత కింద వేసి, మూత బిగించింది. కొత్త ప్లగ్గును వేళ్ళతోనే చివరిదాకా తిప్పింది. పానా ఆఖరున ఒక్కసారి తాకించిందంతే.

సాయంత్రం నాన్నగారు వచ్చేసరికి వాకిట్లో ఇంజన్ తిరుగుతోంది. ఆయన వంగి, మెరుస్తున్న ఇత్తడి అంచును చూశారు.

"ఇదెవరు చేశారే?"

"నేనే నాన్నగారూ."

కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చిన మా వదిన నా వెనకే నిలబడి ఉంది. ఆమె గోళ్ళన్నీ నలుపు. చెంబు కింద పెట్టి, చేతులు కొంగులో చుట్టుకుంది. "పొద్దుటినుంచీ అదే పనిలో ఉందండీ మావయ్యగారూ" అంది. నాన్నగారు నా భుజం తట్టారు.

ఆమె నన్ను పక్కకు పిలిచి నాలుగు మాటలంటే నా మనసు తేలికపడేది. వంటింట్లో అన్నది ఒక్కటే. "వేడిగా ఉన్నప్పుడు ఇంకెప్పుడూ ప్లగ్గు విప్పకు." ఆమె నేర్పు మీద అసూయ ఎలాగూ ఉంది. ఆ సాయంత్రం నుంచి ఆమె మంచితనం మీద కూడా మొదలైంది. ఇది మొదటిదానికంటే ఎక్కువ మండుతుందని అనుభవంతో చెబుతున్నాను.

ఎవరి మీదా ఆధారపడకుండా బతికానని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరుకు పునాదిగా ఈ కథనే ముప్ఫై ఏళ్ళపాటు తరగతుల్లో చెప్పాను. పదవీ విరమణ సభలోనూ చెప్పాను. "నేను ట్యాపు తిప్పుతుంటే మా వదిన కిరసనాయిలు పోసింది" అన్నాను. ముందు వరసలో కూర్చున్న ఆమె అందరితోపాటు చప్పట్లు కొట్టింది. తిరిగి వస్తుంటే రిక్షాలో నా ఒళ్ళో దండలు సర్దుతూ అడిగింది.

"కిరసనాయిలు బాగానే పోశానా, బి.ఏ. గారూ?"

అని పగలబడి నవ్వింది. ఆ నవ్వులో ముల్లు కోసం వెతికాను. దొరకలేదు. అప్పుడైనా ఒక్క మాట అని ఉండవలసింది. రిక్షావాడు వింటాడని ఊరుకున్నాను. ఆ తరువాత ఏ కారణంతో ఊరుకున్నానో చెప్పుకోవడానికి అంతపాటి సాకు కూడా లేదు.

ఈ వ్యాసం చదివేవారిలో నా పాత విద్యార్థులు ఉంటారు. వారికి నేను చెప్పిన కథను ఇక్కడ దిద్దుతున్నాను. మర కోసింది మా వదిన. కిరసనాయిలు పోసింది నేను.

ఆ సోమవారం ఉదయం నేను బయలుదేరినప్పుడు ఇంటిల్లిపాదీ వీధిలోకి వచ్చారు. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. నాన్నగారు చెయ్యి ఎత్తి నిలబడ్డారు. మా వదిన నా వంక చూడలేదు. అరుగు చివర నిలబడి, తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, ఇంజన్ చప్పుడు వింటోంది. నన్ను కూడా చూస్తుందేమోనని వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి తిరిగి చూశాను. ఆమె కళ్ళు తెరవలేదు.