నాడా ముడి

నాకు పుట్టుకతోనే కుడిచెయ్యి, కుడికాలు సరిగా పనిచేయవు. డిగ్రీ మాత్రం చేవెళ్ళ కాలేజీలో ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఫోన్లకు జవాబు చెప్పే ఆఫీసొకటి నన్ను తీసుకుంది. కొన్ని నెలలు పని చూసి ఖాయం చేస్తామన్నారు. బాపు బండి మీద మొయినాబాద్‌లో దింపితే, అక్కడి నుంచి ఆఫీసు కారు.

నా పని నేను చేసుకోవడం మా ఇంట్లో నిషేధం. తల దువ్వడం, చెప్పులు తొడగడం, అన్నం కలిపి తినిపించడం అన్నీ అమ్మే. పొద్దున సల్వారు నాడా బిగించి రెండు ముళ్ళు వేసేది, దారిలో జారితే పరువు పోతుందని. ఆ ముడి ఒంటిచేత్తో విప్పడం నా వల్ల కాదు. అందుకని ఆఫీసులో నీళ్ళు ముట్టేదాన్ని కాదు. నలుగురిలో ఎడమచేత్తో తినాలంటే సిగ్గు. టిఫిన్ డబ్బా తెరిచేదాన్నీ కాదు. పక్క సీట్లో విజయవాడ అమ్మాయి రోజూ భోజనానికి పిలిచేది. ఆకలి లేదనేదాన్ని. కొన్నాళ్ళకు పిలవడం మానేసింది. నాకు పొగరని అనుకున్నారట. కడుపు మాడ్చుకుని కూర్చున్నదానికి పొగరట!

ఒకరోజు అమ్మనే అడిగాను.

"నాడా తీసేసి ఎలాస్టిక్ కుట్టియ్యవే అమ్మా."

"ఎలాస్టిక్ చిన్నపోరగాళ్ళకు కుడతరు. నేనేమన్న సచ్చిన్ననా? నా చేతులు ఆడినన్ని దినాలు నీకేం ఫికర్?"

షాబాద్ నుంచి వచ్చిన పెద్దమ్మ పక్కనే ఉండి, "గిట్ల చేసే తల్లి ఎవలకు దొరుకుతది బిడ్డా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

గడువు తీరకముందే ఆఫీసరు పిలిచాడు.

"పని బాగానే వచ్చమ్మా నీకు. కానీ మధ్యాహ్నం దాటితే గొంతు పెగలడం లేదు. ఎవరితోనూ కలవవు కూడా. ఇక కష్టం."

నీళ్ళు తాగితే గొంతు బాగుంటుందని, తాగితే తర్వాత నా గతేమిటని ఆ మగమనిషికి ఎలా చెప్పను? తల దించుకుని వచ్చేశాను.

ఇంట్లో మాత్రం దాచలేదు. కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

"నువ్వు కట్టిన ముడితోనే నా నౌకరీ పోయింది."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఇంత చేసినా నేనే చెడ్డదాన్నయితిని" అంది. బాపు నన్నే కసిరాడు. పోయింది నా ఉద్యోగం. కానీ తప్పు నాదేనని నేను ఒప్పుకునేదాకా అమ్మ అన్నం ముట్టలేదు.