చూసీ చెప్పని రోజు

నా చిన్నప్పుడు, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్‌కీ పక్క క్వార్టర్‌కీ మాటలుండేవి కావు. పక్కింటాయన ఇంజన్ డ్రైవరు. మా నాన్న ఆయన దగ్గర ఫైర్‌మన్. ఆవిరి ఇంజన్లో ఫైర్‌మన్ పని బొగ్గు వెయ్యడం ఒక్కటే కాదు. తన వైపు కనిపించే సిగ్నల్ చూసి గట్టిగా చెప్పాలి. డ్రైవరు ఆ మాటే తిరిగి అనాలి. వంపుల్లో అయితే డ్రైవరుకి ముందున్నది కనిపించదు, ఫైర్‌మన్ కళ్లే దిక్కు. ఓ రోజు అలాంటి వంపులో బండి ఎర్ర సిగ్నల్ దాటిపోయి, ఆగి ఉన్న గూడ్సు బండికి నాలుగడుగుల దూరంలో నిలిచింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ విచారణ జరిగింది. ఫైర్‌మన్ చెప్పలేదని ఆయన, చెప్పానని నాన్న. చివరికి నాన్నని సస్పెండ్ చేశారు, ఆయన్ని బండి మీంచి దింపి షెడ్ పనిలో వేశారు.

ఆనాటి నుంచి మా ఇంట్లో ఆయనకి పేరు లేదు. ‘ఆ మనిషి’ అంతే. మా నోటి దగ్గర కూడు లాగేసిన అబద్ధాలకోరు. నాకు అప్పుడు పదేళ్లు. అమ్మ ఆయన్ని ఎంత ద్వేషించేదో నేను అంతకు రెండింతలు ద్వేషించాను. వాళ్ల పెరట్లో మల్లెమొక్క మీద వేడి గంజి పోసింది నేనే.

చలికాలంలో ఓ ఆదివారం కాలనీ తెలుగువాళ్లమంతా లారీ మాట్లాడుకుని, వంటసామాన్లతో రతన్‌పూర్ అవతల గుట్టల దగ్గరికి వెళ్లాం. నాన్న మొహం చెల్లక రాలేదు. భోజనాలయ్యాక మగవాళ్లు పేక తీశారు. పిల్లల్ని గుట్ట ఎక్కించే పని ఆ మనిషి పెట్టుకున్నాడు. పైన ఆగి చూసే చోట్లు మూడున్నాయి. ఒకచోట నుంచి ఆనకట్ట నీళ్లు, ఇంకోచోట నుంచి పాత కోట గోడలు, చిట్టచివరి చోట నుంచి గాలి తేటగా ఉంటే బిలాస్‌పూర్ ఇంజన్ల పొగ కనిపిస్తాయని చెప్పుకునేవారు. ఆయన చేత్తో ఇస్తే నీళ్లు కూడా తాగొద్దని అమ్మ నా చెవిలో చెప్పి పంపింది.

నేను అందరికీ ఇరవై అడుగులు వెనక నడిచాను. రెండో చోటు దగ్గర, ఆయన చూపించే పొగ నాకక్కర్లేదని బండ వెనక కూర్చుండిపోయాను. మిగిలినవాళ్లు పొగ చూసి కేరింతలు కొడుతూ నన్ను దాటుకుని దిగిపోయారు. ఎండ గుట్ట వెనక్కి జారింది. చలి మొదలైంది. దిగే దారి ఏదో తెలియలేదు. కేక వెయ్యడానికి పౌరుషం అడ్డొచ్చింది.

ఒకరు తక్కువయ్యారని చూసుకుని ఆయనే వెనక్కి ఎక్కి వచ్చాడు. పలకరించలేదు, చెయ్యి ఇవ్వలేదు. నాతో మాట్లాడాలన్న సరదా తనకీ లేదనీ, దిగేదాకా మాత్రం తప్పదనీ అన్నాడు. ముందు తను దిగుతూ, కదిలే రాయి వస్తే కదిలే రాయి అనేవాడు, ముళ్లుంటే ముళ్లు అనేవాడు. నేను ఆ మాట తిరిగి అనేదాకా అడుగు కదిపేవాడు కాదు. ఓసారి మొండికేశాను. ఆయన నా వైపు చూడకుండా బీడీ వెలిగించుకుని నిలబడ్డాడు. పళ్లు టకటకా కొట్టుకునేసరికి అన్నాను. ఆ క్షణాన ఆయన చచ్చిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

ఒక మలుపులో పెద్ద బండని చుట్టి దిగాలి. నేను పైన ఉన్నాను. ఆయన కాలు పెట్టబోయే చోట కింద మట్టి కొట్టుకుపోయి పైన గడ్డి మాత్రమే ఉండడం నాకు కనిపించింది. పొద అడ్డుగా ఉండి ఆయనకి కనిపించలేదు. నా నాలుక చివరిదాకా వచ్చింది మాట. పళ్లు బిగించాను.

ఆయన జారి, అంత దూరం దొర్లి, ఒక మొద్దుని పట్టుకుని ఆగాడు. కాలి మడమ మెలిపడిపోయింది. నొప్పికి మూలుగుతూనే తలెత్తి చూశాడు.

“చూసేవా?”

తల ఊపాను.

“నోటితో చెప్పు.”

“చూసేను.”

“మీ నాన్నా అలాగే చూసేడు. డ్యూటీ మధ్య మేం పడుకునే రన్నింగ్ రూమ్‌లో కూర దగ్గర గొడవపడి, నాతో మాటల్లేవని ఎర్ర సిగ్నల్ చూసీ ఊరుకున్నాడు. వెనకాల పెట్టెల్లో ఎంతమంది ఉన్నారో నీకేటి తెలుసు?”

అబద్ధమని అరవాలనుకున్నాను. కానీ చూసీ చెప్పకపోవడం ఎలా ఉంటుందో అప్పుడే నా నోట్లో రుచి చూశాను మరి. నాన్న కూడా అలాగే పళ్లు బిగించి ఉంటాడని నాకు తెలిసిపోయింది.

ఆ తర్వాత నేను ముందు నడిచాను. కర్ర పట్టుకుని కుంటుతూ ఆయన వెనక. రాయి అంటే రాయి అన్నాడు. గుంట అంటే గుంట అన్నాడు. కింద లారీ దగ్గర, తనే చూసుకోక పడ్డానని అందరికీ చెప్పి నా వైపు చూడనైనా చూడలేదు.

లారీ దిగి ఇంటికెళ్లేసరికి కబురు మా కన్నా ముందే చేరింది. నాన్న గుమ్మంలోనే హుషారుగా, “ఆడి కాలికేటయిందే?” అని అడిగాడు. చాలా రోజుల తర్వాత నవ్వుతున్నాడు.

“నేను చూసేను నాన్నా. మాటల్లేవని చెప్పలేదు,” అన్నాను.

నాన్న నవ్వు ఆగిపోయింది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. సిగ్నల్ విషయం బతికున్నంత కాలం ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు. రెండిళ్లూ చివరిదాకా కలవలేదు. ఆ మనిషి మీద నాకు ఇష్టమూ కలగలేదు.

నాకిప్పుడు డెబ్బై దగ్గర పడుతున్నాయి. నా తోడికోడలికీ నాకూ పన్నెండేళ్లుగా మాటల్లేవు, తప్పు ఆవిడదే. కిందటేడు ఓ పెళ్లిలో ఆవిడ మెడ పక్కన చిన్న గడ్డ కనిపించింది. నేరుగా వెళ్లి, డాక్టరుకి చూపించుకోమని చెప్పాను. ఆవిడ మొహం తిప్పుకుంది. చూపించుకుంటానని నోటితో అనేదాకా అక్కడే నిలబడ్డాను. అన్నాక వచ్చేశాను. ఇప్పటికీ మాటల్లేవు.