అమావాస్య నాటి స్లాబు

ఆదివారాలు కరీంనగర్‌లో ప్రాజెక్టు మేనేజ్‌మెంటు క్లాసులకు వెళ్తున్నాను. మొన్న మా సారు, మీ ఇంట్లోనే గడువు తప్పిన పని ఒకటి తీసుకుని, దానికి ముప్పు తెచ్చినవన్నీ రాసుకురమ్మన్నారు. మా ఇంటి సంగతి ఈయనకెవరు మోశారా అని ముందు అనుమానమొచ్చింది. నా గుణమే అంత.

పెద్దపల్లిలో ఇల్లు కట్టిస్తున్నప్పుడు నా భార్యకు ఎనిమిదో నెల. కిరాయి రేకుల గదిలో ఉడికిపోయేది. పుట్టిన బిడ్డను సొంతింటికే తీసుకుపోవాలని ఆమెకు ఒకటే కోరిక. వానలకు ముందే స్లాబు పడాలి. నేను రోజూ మేస్త్రీ వెనకే తిరిగేవాణ్ని. ఫోను మోగితే పక్కకెందుకు పోయాడు? ఇసుక ఎవరూ చూడకుండా జల్లించాడేమిటి?

స్లాబు తేదీ నేనే, తిథి చూడకుండా, లాప్‌టాప్‌లో ఖాయం చేసి, పట్టిక అతని ఫోనుకు పంపాను. చూశావా అని అడగలేదు. చూసినా చూడలేదంటాడని నా నమ్మకం.

ఆ తేదీ పొద్దున సైటు మీద ఒక్క మనిషి లేడు. పైన మబ్బు. ఇంకో సైటుకు పోయాడు, దొరికాడు దొంగ! బండేసుకుని వాళ్లింటికి పోయాను. మేస్త్రీ వాకిట్లో కూర్చుని తాపీలు కడుగుతున్నాడు.

"ఇయ్యాల అమాస గద సార్. రేపు పొద్దుగాల్నే పోద్దాం."

మా దిక్కు మేస్త్రీలు అమావాస్యనాడు పని ముట్టరు. పుట్టి పెరిగినవాణ్ని, నాకు తెలియదా? అయినా నోరు ఊరుకోలేదు.

"అమాస పేరు చెప్పి ఏ సైట్ల పోసొచ్చినవ్?" అని వాడకట్టంతా వినేలా అరిచాను.

అతని భార్య తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. మేస్త్రీ తాపీ పక్కన పెట్టాడు.

"ఐదు నెలల సంది నా ఎన్కనే తిరిగినవ్, ఒక్క మాటన్న అన్ననా సార్? గింత అనుమానమున్న ఇంటికి నేను స్లాబు పొయ్య. ఇంకోల్లను సూస్కో."

ఒకరు సగంలో విడిచిన పనిని, ఆయన సరేననకుండా ఇంకో మేస్త్రీ ముట్టడు. ముగ్గురిని అడిగాను. ముగ్గురూ "ఆయనతోని ఒక్క మాట జెప్పియ్యి సార్" అన్నారు. అందరూ కుమ్మక్కయ్యారనుకున్నాను. వెళ్లి తప్పయిందని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. వారానికే వానలు దిగాయి, చువ్వలు తుప్పు పట్టాయి. బిడ్డను రేకుల గదికే తెచ్చుకున్నాం.

సారు అడిగిన కాగితంలో వాన, అమావాస్య, మేస్త్రీ, మేస్త్రీల కుమ్మక్కు అని వరసగా రాశాను. నా భార్య బిడ్డను చంకనేసుకుని చివరిదాకా చదివింది.

"అన్ని రాసినవ్ గని, నీ పేరు రాయలే," అంది.